అక్కయ్య జామెట్రీ పెట్టె

పోయిన నెల ఈ పేజీలో పండుగ పిండివంటల గురించి వ్రాస్తూ, వచ్చే నెల బడి సంగతులు ముచ్చటించుకుందామని చదువరులకు మాట ఇచ్చాము. అప్పుడు మా మనస్సులో వున్నవి పలకలు, బలపాలు, మధ్యాహ్నపు ఉప్మా, వాన పడితే ఇచ్చే సెలవు. ఇంతలో ఊళ్ళో పాత ఇంటి పైకప్పు దించవలసి వచ్చింది. తోబుట్టువులందరం వెళ్ళి సామాను సర్దుతుండగా, అటక మీది ట్రంకు పెట్టెలో నుండి అక్కయ్య జామెట్రీ పెట్టె బయటపడింది. దానితో మేము వ్రాయదలచుకున్నది కొంత మారిపోయింది.

ఈ శీర్షికలో "మేము" అని వ్రాయడం అలవాటే గాని, ఈసారి నిజంగానే మేము ముగ్గురం. అక్కయ్య తరువాత పుట్టినవాళ్ళం. ఇద్దరు మగపిల్లలం, అందరికంటె చిన్నది ఆడపిల్ల. ముగ్గురం ఇప్పుడు 60 దాటినవాళ్ళమో, దానికి దగ్గర పడినవాళ్ళమో. అక్కయ్యకు 68 వచ్చాయి. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజి కట్టడం పూర్తయినది 1957లో. అక్కయ్య పుట్టినదీ ఆ ఏడే. "బ్యారేజీ, మా పెద్దమ్మాయీ ఒక ఈడువాళ్ళు" అని నాన్నగారు వచ్చినవారందరికీ చెప్పేవారు.

మాది తెనాలికి కొన్ని మైళ్ళ దూరంలో, కాలువ గట్టు వెంబడి వున్న ఊరు. అక్కడ ఏడాదిని నెలలతో కాకుండా కాలువతో లెక్కపెట్టుకునేవారు. వేసవిలో కాలువ కట్టేస్తే అడుగున మడుగులు మిగిలేవి. వాటిలో చేపలు పట్టడం, బురదలో దొరికిన గాజుపెంకులూ చిల్లరనాణేలూ పోగుచేయడం మా వేసవి సెలవుల పని. జూన్ నెలలో బ్యారేజి దగ్గర నీళ్ళు వదిలారని తెలియగానే పిల్లలందరం గట్టు మీద కాపలా కాసేవాళ్ళం. నురగతో, ఎండుపుల్లలతో, చెత్తతో ముందు సన్నగా ఒక నాలుకలాగా నీళ్ళు వచ్చేవి. ఆ నీటితోపాటు పరుగెత్తి ఊరి చివరదాకా వెళ్ళేవాళ్ళం. నీళ్ళు వచ్చాయంటే బడి తెరుస్తారన్నమాట. అందుచేత ఆ పరుగులో సంతోషమెంత, దిగులెంత అన్నది ఇప్పటికీ చెప్పలేము.

నాన్నగారు ఊరి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. ఐదు తరగతులు, రెండు గదులు, ఇద్దరు మాస్టర్లు. అక్కయ్యతో సహా మేమందరం ఆయన దగ్గరే అక్షరాలు దిద్దాము. బడి గడప దాటితే ఆయన మాకు నాన్న కారు. ఒకసారి మాలో ఒకడు పొరపాటున తరగతిలో "నాన్నా, నీళ్ళు తాగి వస్తాను" అన్నాడు. ఆయన తల ఎత్తకుండానే "ఇక్కడ నాన్న లేడు. ఎవరిని పిలుస్తున్నావు?" అన్నారు. తరగతి అంతా నవ్వింది. అదే సాయంత్రం ఇంటిలో అరుగు మీద కూర్చొని, ఆ మనిషి ఎవరో తనకు తెలియనట్టుగా, "ఈ రోజు మీ మాస్టారు ఏమి చెప్పారురా?" అని అడిగారు. మేమూ అలాగే జవాబు చెప్పాము. "మా మాస్టారు చాలా కోపిష్టి నాన్నా" అని కూడా అన్నాము. అమ్మ వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వడం మాకు వినబడింది.

పలకల సంగతి మా ఈడువారికి చెప్పనక్కరలేదు. చెక్కచట్రం వున్న రాతిపలక చేతిలో నుండి జారితే ఆ రోజుకు భోజనం సహించేది కాదు. పగిలిన పలకలో పెద్దముక్క చెల్లెలికి వచ్చేది. తుడవడానికి తడిగుడ్డ తీసుకొని వెళ్ళమని అమ్మ చెప్పేది, మేము ఉమ్మితో తుడిచేవాళ్ళము, అక్కయ్య చూసి మొట్టికాయ వేసేది. శనివారం మధ్యాహ్నం నల్లబల్లకు రంగు వేసేవాళ్ళము. బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి గుడ్డతో రుద్దడమే ఆ రంగు. సోమవారం దాకా మా గోళ్ళు ఆకుపచ్చగా, నల్లగా వుండేవి. చీకటి పడ్డాక లాంతరు చిమ్నీ ముగ్గుపిండితో తుడవడం అక్కయ్య పని. తుడిచి వెలిగించాక ఎక్కాలు. మామూలు ఎక్కాలతో నాన్నగారికి తృప్తి లేదు. పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా చెప్పాలి. ముప్పావు ఎక్కం దగ్గర మేము ముగ్గురం తడబడేవాళ్ళం. అక్కయ్య చిమ్నీ తుడుస్తూనే అందించేది.

ఇక ఉప్మా. ఆ రోజులలో "కేర్" సంస్థవారు బడిపిల్లల కొరకు పంపే గోధుమ నూక, పాలపొడి, నూనె డబ్బాలు వచ్చేవి. సంచుల మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ వుండేది. ఖాళీ సంచులు ఊళ్ళో చాలా ఇళ్ళలో పరుపు గలీబులయ్యాయి. ఆ ఉప్మా వాసన ఇంటి ఉప్మాకు రాదు. ఎందుకో మరి, ఆ నూనెలో ఏదో వుండేది. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు ఆకులు పట్టుకొని వరుసలో నిలబడితే, మాస్టారి పిల్లలు మాత్రం చిట్టచివర నిలబడాలన్నది నాన్నగారి శాసనం. మా వంతు వచ్చేసరికి ఒక్కొక్కసారి గిన్నె అడుగున మాడు మాత్రమే వుండేది. అక్కయ్య ఆ మాడును అట్లకాడతో పెళ్ళలుగా గీకి మా ముగ్గురికీ పంచేది. ఉప్మా కంటె మాడే రుచిగా వుంటుందని చాలా కాలం మేము గట్టిగా నమ్మాము. ఆ పంపకంలో ఆవిడ ఆకు ఎలా వుండేదో చూసిన గుర్తు మాలో ఎవరికీ లేదు.

అయిదో తరగతి అయ్యాక హైస్కూలుకు నాలుగు మైళ్ళు గట్టు మీద నడిచి పోవాలి. ఆడపిల్లను అంత దూరం పంపడమేమిటని నాయనమ్మ అన్నది. నాన్నగారు ఒప్పుకోలేదు. ఊళ్ళో ఇంకా ఇద్దరు ఆడపిల్లల తండ్రులను తానే వెళ్ళి ఒప్పించి, ముగ్గురినీ కలిపి పంపించారు. అక్కయ్య ఎనిమిదో తరగతిలోకి వచ్చిన 1970లో తెనాలి వెళ్ళి ఈ జామెట్రీ పెట్టె కొనుక్కొని వచ్చారు. పసుపుపచ్చని రేకు పెట్టె, నొక్కితే టిక్కుమని మూతపడేది. లోపల వృత్తలేఖిని, విభాగిని, కోణమానిని, రెండు మూలమట్టాలు, చిన్న స్కేలు, ఒక రబ్బరు ముక్క. ఆ నెల నాన్నగారు తెగిన చెప్పు కుట్టించుకొని సరిపెట్టుకున్నారు. పెట్టె వచ్చిన రోజున మా ముగ్గురినీ వరుసగా కూర్చోబెట్టి అక్కయ్య ఒక్కొక్క వస్తువు చూపించి పేరు చెప్పింది. ముట్టుకోనివ్వలేదు.

ఇప్పుడు 1972 సంగతి చెప్పాలి. చదువరులలో పెద్దవారికి అది బాగా జ్ఞాపకం వుంటుంది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తరువాత కోస్తా జిల్లాలలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. బడులు, కాలేజీలు మూతబడ్డాయి. డిసెంబరులో ఎన్.జి.వో.లు సమ్మెలోకి దిగారు. రైళ్ళు, బస్సులు ఎప్పుడు నడుస్తాయో ఎవరికీ తెలియదు. 1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చింది. ఇవన్నీ మేము తరువాత పుస్తకాలలో చదివి తెలుసుకున్నవి. అప్పట్లో మాకు తెలిసినది ఒక్కటే: బడి లేదు. మా జీవితంలో అంత పొడుగు సెలవులు మళ్ళీ రాలేదు. గోలీలు, బిళ్ళంగోడు, కాలువలో ఈత. పక్కింటివారి దగ్గర అరువు తెచ్చుకున్న పాత "చందమామ"లు అట్టలు ఊడేదాకా చదివాము. ఎప్పుడు చిన్ననాటి కబుర్లు చెప్పుకున్నా మేము ముందుగా ఎత్తుకునేది ఆ సెలవులనే. మా పిల్లలకు కథలు కథలుగా చెప్పాము.

అక్కయ్య ఆ సంవత్సరం పదో తరగతి.

నాన్నగారికి జీతం రాని నెలలు అవి. అమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళాయి. పాలు అమ్ముకోవడానికని మజ్జిగ కూడా పలచబడింది. గోంగూర పచ్చడి, మిరపకాయ కారం మాకు బాగానే వున్నాయి గనుక మేము ఏమీ గమనించలేదు. అమ్మకు పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టింది. మళ్ళీ బడులు తెరిచేసరికి అక్కయ్యతో నడిచే ఇద్దరిలో ఒకమ్మాయికి పెళ్ళయిపోయింది, రెండో అమ్మాయి కుటుంబం వేరే ఊరు తరలిపోయింది. నాలుగు మైళ్ళ గట్టు మీద ఒక్క ఆడపిల్ల. ఇక నాయనమ్మ మాటకు ఎదురు చెప్పేవారు లేరు. అదే జూన్‌లో మాలో పెద్దవాణ్ణి తెనాలిలో పెదనాన్నగారి ఇంట వుంచి ఆరో తరగతిలో చేర్చవలసి వున్నది. దానికి బియ్యం, పుస్తకాలు, బట్టలు.

ఒక సాయంత్రం నాన్నగారు అరుగు మీద ఊరికే కూర్చొని వున్నారు. అక్కయ్య బిందె దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నాకు ఇక చదువు ఎక్కదులే నాన్నా. తమ్ముణ్ణి పంపించండి" అన్నది. మేము అక్కడే వున్నాము. నాన్నగారు ఏమీ అనలేదు. కొంతసేపటికి లేచి కాలువ వైపు వెళ్ళారు. అంతే, అక్కయ్య చదువు విషయం మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

యాభై ఏళ్ళకు పైగా ఆ మాటను మేము నమ్మాము. నమ్మడం మాకు సుళువుగా వుంది. "మీ పెద్దత్తకు చదువంటే అంతగా ఇష్టం లేదు, వంటావార్పూ అంటేనే ఇష్టం" అని మా పిల్లలతో ఎన్నిసార్లు అన్నామో!

విచిత్రమేమిటంటే మా ముగ్గురికీ రేఖాగణితం నేర్పినది ఆ చదువు ఎక్కని మనిషే. పొయ్యి దగ్గర కూర్చొని, ఒక చేత్తో పులుసు కలుపుతూ, రెండో చేత్తో బొగ్గుముక్క తీసుకొని గచ్చు మీద త్రిభుజం గీసేది. "దత్తాంశం చెప్పు. సారాంశం చెప్పు. ఇప్పుడు నిర్మాణం. ఉపపత్తి నోటితో కాదు, వేలు పెట్టి చూపించు." మేము చూపించలేకపోతే పులుసు దించి తానే చూపించేది. లంబకోణ త్రిభుజం సంగతి చెప్పడానికి పెరట్లో దూడను కట్టే తాడు తెచ్చి, పన్నెండు సమభాగాలకు ముడులు వేసి, మూడు, నాలుగు, అయిదు భాగాలకు మేకులు కొట్టి బిగించింది. మూల సరిగ్గా మూలమట్టంలా వచ్చింది. దూడ ఆ పూట పొరుగువాళ్ళ పాదులో పడి సొరతీగ తినేసింది, అది వేరే గొడవ. సెలవులకు తెనాలి నుండి వచ్చే పెద్దవాడు హైస్కూలులో అర్థం కానివన్నీ మూటగట్టుకొని వచ్చేవాడు. పెట్టె వాడికి ఇచ్చింది, వాడి తరువాత రెండోవాడికి, ఆ తరువాత చెల్లెలికి. మూత లోపలి వైపు వృత్తలేఖిని ముల్లుతో గీసిన మా పేర్లు వరుసగా ఇప్పటికీ వున్నాయి. అన్నిటికంటె పైన అక్కయ్య పేరు, గుండ్రని అక్షరాలతో.

1978లో అక్కయ్యకు పెళ్ళయింది. 1980 ఫిబ్రవరిలో పురిటికి ఇంటికి వచ్చింది. ఆ నెల 16న మన రాష్ట్రంలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించినది. ఊరంతా తలుపులు వేసుకున్నది. కడుపుతో వున్న మనిషి కదలకూడదని నాయనమ్మ అక్కయ్యను చీకటి గదిలో కూర్చోబెట్టి వాకిట్లో కాపలా కూర్చున్నది. నాన్నగారికి ఇవి నచ్చవు గాని, ఆ రోజుకు తల్లి మాట కాదనలేదు. చెల్లెలు అప్పుడు ఎనిమిదో తరగతి. దీపం పెట్టుకొని ఇద్దరూ ఆ గదిలోనే వున్నారు. సూర్యుడు అంత పెద్దవాడైతే చంద్రుడు ఎలా కప్పుతాడని చెల్లెలు అడిగింది. అక్కయ్య ఈ పెట్టే తీసి, కాగితం మీద ఒక చిన్న వృత్తం, దానికి చాలా దూరంగా ఒక పెద్ద వృత్తం గీసి, ఒక బిందువు నుండి రెండింటికీ స్పర్శరేఖలు గీసి చూపించింది. దగ్గరిది చిన్నదైనా దూరపుదాన్ని కప్పుతుందని. మధ్యాహ్నం కోళ్ళు గూట్లోకి చేరిన అలికిడి విన్నాము. మళ్ళీ వెలుతురు వచ్చాక నాయనమ్మ తలుపు తీసి, "ఏం చేస్తున్నారే ఇంతసేపూ?" అని అడిగింది. "లెక్కలు నాయనమ్మా" అన్నది అక్కయ్య. నాయనమ్మ నమ్మలేదు.

ఇక ఈ మధ్య జరిగినది చెబుతాము. పెట్టె దొరికినప్పుడు ముగ్గురం చిన్నపిల్లలలాగా దాని చుట్టూ చేరాము. మూత తుప్పు పట్టి రాకపోతే స్పూను పెట్టి లేపాము. అడుగున పరిచిన పాత వార్తాపత్రిక ముక్క తీసేసరికి, దాని క్రింద నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్కు కాగితం వుంది. అక్కయ్య దస్తూరి. పైన "1973" అని వ్రాసి, క్రింద పదో తరగతి సబ్జెక్టులన్నీ గళ్ళుగా గీసి, ప్రతి పాఠం ఎదురుగా చదివిన తేదీ, టిక్కు పెట్టి వున్నది. చివరి పాఠం దాకా. కాగితం వెనుక "1974" అని మళ్ళీ అవే గళ్ళు, మళ్ళీ టిక్కులు. రెండవసారి తేదీలన్నీ రాత్రి పూటవి. పక్కన "దీపం నూనె లేదు", "అమ్మకు జ్వరం", "తమ్ముడు వచ్చాడు" అని రెండు మూడు మాటలు.

అక్కయ్య పెరట్లో చింతపండు గింజ తీస్తున్నది. కాగితం తీసుకొని వెళ్ళి, "ఇదేమిటక్కయ్యా?" అన్నాము. కళ్ళజోడు తుడిచి పెట్టుకొని చూసింది. "ఇదెక్కడ దొరికిందర్రా? నేనే మర్చిపోయాను" అన్నది.

"చదువు ఎక్కదన్నావు కదా?"

"అన్నాను. అమ్మ మంచంలో వుంది. నాన్నగారు నన్ను అడుగుతారేమోనని రెండు రోజులు చూశాను. అడిగి, వద్దనవలసి వస్తే ఆయన పడే బాధ నేను చూడలేననిపించింది. అందుకని నేనే ముందు అనేశాను."

"మరి ఇన్నేళ్ళలో మాకెప్పుడూ చెప్పలేదేం?"

చింతగింజ చాటలో వేసి, మా వైపు చూడకుండానే, "మీరెప్పుడైనా అడిగారట్రా?" అన్నది.

ఆ మాటలో కోపం లేదు. ఆ వెంటనే కొబ్బరికాయ కొట్టి పెట్టమని మాలో ఒకణ్ణి పురమాయించింది. కాని మేము ముగ్గురం ఆ పూట సరిగా భోజనం చేయలేదు. నాన్నగారు బ్రతికి లేరు. ఆయనను తప్పు పట్టడానికి మాకు మనస్సు రాదు. ఊరి పిల్లలందరి ముందు తన పిల్లలను వరుసలో చివర నిలబెట్టిన న్యాయం ఆయనది. పొరుగువాళ్ళ ఆడపిల్లలను బడికి పంపమని గడప గడపా తిరిగిన మనిషి. అయినా ఆ సాయంత్రం అరుగు మీద ఆయన ఒక్క మాట అడిగి వుండవలసింది. వద్దనవలసి వచ్చినా సరే, అడిగి వుండవలసింది. మేము అప్పటికి పిల్లలము, మా తప్పేమున్నదని అనుకుందామంటే, 1973లో పిల్లలము గాని, 1990లో కాదు కదా. ఉద్యోగాలు చేస్తున్నాము, జీతాలు తెచ్చుకుంటున్నాము. మాలో ఒకరు బ్యాంకులో, ఒకరు బడిలో, చిన్నది ఆసుపత్రిలో నర్సుగా. ఓపెన్ స్కూలు పద్ధతిలో ఎంత పెద్ద వయస్సువారైనా పదో తరగతి వ్రాయవచ్చునని మన రాష్ట్రంలో అవకాశం వుండనే వున్నది. బడిలో పనిచేసిన మావాడు ఆ పరీక్షలకు ఇన్విజిలేటరుగా కూడా వెళ్ళాడు. అక్కడ పెద్ద వయస్సు స్త్రీలు వ్రాస్తుంటే చూసి, ఇంటికి వచ్చి గొప్పగా చెప్పాడు. అక్కయ్యకే చెప్పాడు.

సాయంత్రం చెల్లెలే ధైర్యం చేసి, "ఇప్పుడైనా వ్రాయకూడదా అక్కయ్యా?" అన్నది. అక్కయ్య పకపకా నవ్వింది. "లెక్కలూ, తెలుగూ అయితే రేపు పెట్టినా వ్రాస్తానే. ఆ సోషల్ ఎవరు చదువుతారు?" అని, చేయి చాపి పెట్టె అడిగింది. మోకాళ్ళ మీద పెట్టుకొని ఒక్కొక్క వస్తువు తీసి చూసుకున్నది. విభాగినికి ఒక ముల్లు లేదు.

"దీన్ని విరగ్గొట్టిందెవర్రా?"

మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఎవరమూ ఒప్పుకోలేదు.

పెట్టె అక్కయ్యతో వాళ్ళ ఇంటికి వెళ్ళింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మనవరాలు మొన్న ఫోనులో ఒక ఫిర్యాదు చేసింది. అమ్మమ్మ తన లెక్కల పుస్తకం తీసుకొని తిరిగి ఇవ్వడం లేదట. అందులో ఒక ఉపపత్తిలో మధ్య మెట్టు ఎగరగొట్టేశారని, తమ రోజుల్లో అలా వ్రాస్తే మార్కులు వేసేవారు కాదని, రోజూ వాదిస్తున్నదట. సోషల్ పుస్తకం మాత్రం ఇంకా తెరవలేదట.